పైపన్ను ముందొచ్చిన పాప

పోయిన నెల తెనాలిలో మా అక్కావాళ్ళింటికి వెళ్ళాను. అక్క కూతురికి పాప పుట్టి ఎనిమిదో నెల. అల్లుడుగారికి బదిలీ అయి ఇల్లు దొరక్క, తల్లీపిల్లా ఇంకా పుట్టింట్లోనే ఉన్నారు. ఓ పొద్దున పాపని ఒళ్ళో వేసుకుని ఉగ్గు పెడుతుంటే చెంచా దేనికో టక్కున తగిలింది. నోరు తెరిచి చూద్దును కదా, పైచిగురుకి బియ్యపు నూకంత తెల్లటి పన్ను! కిందేమో ఇంకా బోసినోరే.

నా నోరు ఊరుకుంటుందా? "అక్కా, ఇలా రావే! దీనికి పైపన్ను ముందొచ్చేసింది" అని ఇల్లు ఎగిరిపోయేట్టు కేకేశాను. ఆ కేక వెయ్యకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటున్నాను. పెరట్లో బట్టలారేసుకుంటున్న పక్కింటి పిన్నిగారు గోడమీంచి తొంగి చూసి, "పైపన్నా? అయితే మేనమామకి గండమమ్మా. వాణ్ణి పాప మొహం చూడనివ్వకండి. ముందు నూనెలో నీడ చూడాలి" అన్నారు. ఇది మీకు కొత్త సంగతేం కాదు. పైపన్ను ముందొస్తే మేనమామకి కీడు, పేగు మెళ్ళో వేసుకుని పుడితే మేనమామకి కీడు, ఫలానా నక్షత్రంలో పుడితే తండ్రికి కీడు అని మనందరం చిన్నప్పట్నించీ వింటున్నవే.

అసలు గొడవ మూడోరోజున వచ్చింది. అక్క కొడుకు, అంటే పాప మేనమామ, ఆఫీసునుంచి వస్తూ వానలో స్కూటరు జారి పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. రోడ్డుమీద డీజిలు ఒలికి ఉందిట, అదే చోట ఆ సాయంత్రం ఇంకో ఇద్దరు కూడా పడ్డారుట. ఆ ఇద్దరి మేనకోడళ్ళకి ఏ పన్ను ముందొచ్చిందో ఎవరూ అడగలేదు.

మా అక్క చెడ్డది కాదు. ఆ పాపకి రోజూ నలుగుపెట్టి నీళ్ళుపోసి, సాంబ్రాణి పొగ వేసి, దిష్టి తీసి పడుకోబెట్టేది అదే. కానీ ఆరోజునుంచి పాపని ఎత్తుకోవడం తగ్గించేసింది. కొడుకు కట్టుకట్టిన కాలితో ముందుగదిలో, పాప వెనకగదిలో. "దాన్ని ఇటు తీసుకురాకు" అని కూతురితో ఒక్కటే మాట. పిల్ల పాక్కుంటూ గుమ్మందాకా వస్తే తలుపు దగ్గరికి వేసేసేవారు. రాత్రి అందరూ పడుకున్నాక అక్క కూతురు నా పక్కన చేరి, "పిన్నీ, నా కూతురేం చేసిందే?" అని ఏడ్చింది. నేనేం చెప్పను? కేక వేసింది నేనే కదా.

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. మావాడు, డిగ్రీ చదువుతున్నాడు లెండి, ఏమిటమ్మా అని అడిగితే చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "అమ్మా, ఈ పైపన్ను భయం మనకే కాదు. ఆఫ్రికాలో ఇథియోపియా అనే దేశంలో దీనికి పిల్లల్ని చంపేసేవాళ్ళు" అని, దానిమీద 2015లో తీసిన ఓ సినిమా ఉందని ఫోన్లో వెతికి పెట్టాడు. సినిమా అంటే కథ కాదు, జరిగిన సంగతులే చూపించారు. పొయ్యిమీద కూర మాడిపోతున్నా లేవలేకపోయాను.

ఇథియోపియాకి దక్షిణాన ఓమో అని ఓ పెద్ద నది ఉంది. దాని ఒడ్డున కారా అనే తెగవాళ్ళు ఉంటారు. చాలా చిన్న తెగ, మొత్తం కలిపినా మన మండలంలో ఓ మోస్తరు ఊరంత జనం. ఒంటికి తెల్లసుద్దతో చుక్కలూ గీతలూ వేసుకుంటారు. ఆవుల్నీ మేకల్నీ మేపుకుంటారు. ఏటికి వరద వచ్చి తీశాక ఒడ్డున మిగిలే ఒండ్రులో జొన్నా మొక్కజొన్నా వేసుకుంటారు. మన లంకల్లో సేద్యం చూసినవాళ్ళకి సులభంగా అర్థమవుతుంది. వాన పడకపోయినా, వరద రాకపోయినా ఆ ఏడాది గింజలుండవు. ఇంక వాళ్ళ భయాలన్నీ అక్కణ్ణించే పుట్టాయి.

కొందరు పిల్లలు పుట్టుకతోనే శాపం తెస్తారని వాళ్ళ నమ్మకం. అలాంటి పిల్లల్ని 'మింగి' అంటారు. మన భాషలో మింగడానికీ ఆ మాటకీ చుట్టరికం ఏమీ లేదుగానీ, వినగానే నా గుండె గుభేలుమంది. పైపళ్ళు ముందొస్తే మింగి. కవలలు పుడితే మింగి. పెళ్ళి కాకుండా కడుపొస్తే ఆ బిడ్డ మింగి. ఆఖరికి పెళ్ళయిన ఆడది కూడా, పెద్దలు జరిపించాల్సిన తంతు జరక్కముందు నెల తప్పితే ఆ బిడ్డా మింగే. ఇలాంటి బిడ్డ ఊళ్ళో ఉంటే వానలు పడవు, పశువులు చస్తాయి, జబ్బులొస్తాయి అనుకునేవారు. అందుకని పెద్దలొచ్చి తల్లిదగ్గర్నించి తీసుకెళ్ళి ఏట్లో పడేసేవారు, లేదా తుప్పల్లో వదిలేసేవారు, నోట్లో మట్టి కుక్కేవారు. ఇంతకంటే రాయడానికి నా చెయ్యి రావడంలేదు.

తల్లులు ఒప్పుకునేవారా అని మీరడుగుతారు. నేనూ మావాణ్ణి అదే అడిగాను. ఒకావిడ 2011లో విలేకరులతో చెప్పుకుందట. ఆవిడ కన్నది పదిహేనుమందిని, 7గురు మగపిల్లలు, 8మంది ఆడపిల్లలు. ఆ తంతు జరగలేదని ఒక్కణ్ణీ మిగల్చలేదు. ఆ రోజుల్లో ఆచారం అంత గట్టిగా ఉండేది, నేనూ దాన్ని గౌరవించాను అందిట. పదిహేను పురుళ్ళు! మనకి ఒక్క పురుడుకే ఎన్ని జాగ్రత్తలు, ఎన్ని పథ్యాలు, ఎంత కరక్కాయపొడి, ఎన్ని ఇంగువ ముద్దలు! ఆవిడకి చనుబాలు పదిహేనుసార్లు వచ్చి ఉంటాయి కదా, అవేం చేసి ఉంటుంది అని ఆ రాత్రంతా అదే ఆలోచన.

ఇప్పుడు అసలు మనిషి సంగతి చెప్తాను. ఆయన పేరు లాలే లబుకో. కారా తెగలోనే పుట్టాడు. ఆ తెగలో బడికి పంపిన మొదటి కొద్దిమందిలో ఒకడు. పదిహేనేళ్ళ వయసులో ఊళ్ళో ఓ ఘోరం కళ్ళారా చూశాడు. రెండేళ్ళ పసిదాన్ని తల్లి చేతుల్లోంచి లాక్కుని ఏట్లో వేశారు. తల్లి ఏడుస్తూనే ఉంది, ఎవరూ ఆగలేదు. ఇదేమిటని వాళ్ళమ్మని అడిగితే, అప్పుడు చెప్పిందావిడ. నీకన్నా ముందు నాకిద్దరు ఆడపిల్లలు పుట్టారు నాయనా, వాళ్ళూ మింగి అని తీసుకుపోయారు అని. పదిహేనేళ్ళూ ఆవిడ ఆ మాట కడుపులో దాచుకుని కొడుక్కి జొన్నసంకటి పెట్టిందన్నమాట.

లాలే అప్పుడే అనుకున్నాడు, ఇది ఆపాలని. ఆ వయసు కుర్రాడు వెళ్ళి పెద్దలతో మీది మూఢనమ్మకం అంటే ఏమవుతుంది? మనిళ్ళల్లోనైనా ఏమవుతుందో మీకు తెలుసు. నాలుగక్షరాలు నేర్చుకున్నావని మాకే చెప్పొచ్చావా అంటారు. ఆయన ముందు తన ఈడు కుర్రాళ్ళని కూడగట్టుకున్నాడు. తరవాత పెద్దల దగ్గర కూర్చుని అడిగింది ఒక్కటే. ఆ పిల్లల్ని చంపొద్దు, నాకిచ్చెయ్యండి, ఊరికి దూరంగా తీసుకుపోయి పెంచుకుంటాను అని.

ఈ ఉపాయం నాకు భలే నచ్చింది. ఎందుకంటే ఆ పెద్దలేం రాక్షసులు కారు. వాళ్ళకున్నది పిల్లలమీద పగ కాదు, ఊరంతా ఏమైపోతుందో అన్న భయం. ఆ బిడ్డ ఊళ్ళో లేకపోతే చాలు వాళ్ళకి. చంపినా ఊళ్ళో ఉండదు, ఇచ్చేసినా ఉండదు. అంటే భయాన్ని భయంగానే ఉంచి, బిడ్డని మాత్రం పక్కకి తప్పించాడు. వాదించి గెలవాలనుకునే మనిషైతే ఆ వాదం తెమిలేలోపు ఎంతమంది ఏటిపాలయ్యేవారో.

పిల్లల్ని తీసుకొచ్చాడు సరే, పెట్టేదెక్కడ? తిండీ, పాలూ, ఆయాలూ కావద్దూ? ఆ ప్రాంతానికి ఫొటోలు తీసుకోవడానికి వెళ్ళే జాన్ రో అనే అమెరికా ఆయనతో లాలేకి పరిచయమైంది. ఇద్దరూ కలిసి ఓమో చైల్డ్ అని ఓ సంస్థ పెట్టి, జింకా అనే ఊళ్ళో ఇల్లు తీసుకున్నారు. నే చూసిన సినిమా తీసింది కూడా ఆ జాన్ రోగారే. అలా పదులమంది పిల్లలు ఆ ఇంట్లో చేరారు. ఆయాలు నీళ్ళుపోస్తారు, అన్నం పెడతారు, పెద్దవాళ్ళు బడికి పోతారు. సినిమాలో ఆ పిల్లలు నవ్వుతుంటే నేను అందరి పళ్ళూ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పైవి, కిందివి, అన్నీ ఉన్నాయి. ఏవి ముందొచ్చాయో బ్రహ్మక్కూడా తెలియదు.

ఆ పిల్లలు బతికారు, పెరిగారు. అందుకని ఊరేం మునిగిపోలేదు. ఏళ్ళ తరబడి మాట్లాడగా మాట్లాడగా 2012 జులైలో కారా తెగ పెద్దలే కూర్చుని, ఇకమీదట మింగి ఆచారం మాకొద్దు అని తీర్మానం చేశారు. పోలీసులొచ్చి చేయించిన పని కాదిది. చంపడం నేరమని ఆ దేశం చట్టంలో ముందునించీ ఉన్నదే, అయినా ఏటి ఒడ్డుదాకా ఆ చట్టం నడిచి రాలేదు. మర్నాటి ఏడు, 2013లో, నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ళు లాలేని తమ యువ అన్వేషకుల్లో ఒకడిగా ఎంచుకుని గౌరవించారు.

కథ అక్కడితో సుఖాంతమైపోలేదు. పక్కనే హామర్, బన్నా అని ఇంకా పెద్ద తెగలున్నాయి. కారావాళ్ళ తీర్మానం వాళ్ళకి వర్తించదు కదా. అక్కడి పెద్దల దగ్గర మళ్ళీ మొదట్నించీ కూర్చోవాల్సి వచ్చింది.

ఇంకో సంగతి మావాడు చెప్తే ఆశ్చర్యపోయాను. ఆ ఓమో నదిమీద ఎగువన గిబే-3 అని బ్రహ్మాండమైన ఆనకట్ట కట్టి 2016లో ప్రారంభించారట. దాంతో దిగువకి ఏటా వచ్చే వరద ఆగిపోయి, ఒండ్రు సేద్యాలు దెబ్బతిని, ఒడ్డునున్న తెగలకి గింజలు కరువయ్యాయి. చూశారా, ఇన్ని తరాలు భయపడిన కరువు చివరికి రానే వచ్చింది. అది ఏ చంటిబిడ్డ నోట్లోంచీ రాలేదు.

ఆఫ్రికావాళ్ళు అలాంటివాళ్ళు అని ముక్కుమీద వేలేసుకోకండి. మన తెలుగుగడ్డమీద నిజామాబాదు జిల్లా వైపు ఊళ్ళల్లో ఆడపిల్లకి తల జడలు కడితే ఎల్లమ్మతల్లి పిలిచిందని చెప్పి జోగినిగా వదిలేసేవారు. తల దువ్వి నూనె రాస్తే పోయే జడకి ఓ ఆడపిల్ల బతుకు పోయేది. ఆ పిల్ల పెద్దదయ్యాక ఊరివాళ్ళకి ఎలా ఉపయోగపడేదో విడమర్చి చెప్పక్కర్లేదు. మహాకవి జాషువాగారి అమ్మాయి హేమలతా లవణంగారు సంస్కార్ సంస్థ తరఫున ఆ ఊళ్ళకి వెళ్ళి, ఆ ఆడవాళ్ళ మధ్య కూర్చుని పనిచేశారు. 1988లో మన రాష్ట్రంలో దానికి చట్టం వచ్చింది. ఆవిడ 2008లో పోయారు. ఆవిడా లాలేలాగే, వెళ్ళి తిట్టిన మనిషి కాదు, వెళ్ళి కూర్చున్న మనిషి.

ఇదంతా పట్టుకుని నేను మా అక్కకి ఫోను చేశాను. సాంతం విని అక్క ఏమందో తెలుసా? "మనమేం చంపుతున్నామా ఏమిటే? నూనెలో చూడమన్నాం, అంతేగా!" అంది. మాట నిజమే. నాకూ గట్టిగా జవాబు తట్టలేదు. ఓ నిమిషం ఆగి, "చంపడంలేదు అక్కా, తలుపేస్తున్నాం. పాక్కుంటూ వచ్చే పిల్ల మొహంమీద తలుపేస్తున్నాం" అన్నాను. అటునించి మాట లేదు. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను. తరవాత ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

మర్నాడు అక్కే పాపని పిల్లల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చెప్పినవి మీక్కూడా పనికొస్తాయి, రాసుకోండి. మామూలుగా ఆరో నెల దాటాక కిందివి రెండూ ముందొస్తాయి, ఆ తరవాత పైవి. కొందరికి ఇది తారుమారవుతుంది. అది జబ్బూ కాదు, లోపమూ కాదు. కొందరికి ఏడాది దగ్గరపడేదాకా ఒక్కటీ రాదు, అదీ ఫరవాలేదు. మూడేళ్ళు నిండేసరికి పాలపళ్ళు 20 పూర్తవుతాయి. పళ్ళొచ్చేటప్పుడు చొంగ కారడం, చిరాకు, చేతికందింది కొరకడం మామూలే. కానీ ఒళ్ళు కాలిపోయే జ్వరం, నీళ్ళ విరేచనాలు వస్తే "పళ్ళొస్తున్నాయిలే" అని ఊరుకోకూడదు, చూపించాలి. చిగుళ్ళకి తేనె రాయడం చాలామంది చేస్తారు. ఏడాది లోపు పిల్లలకి తేనె అసలు నాకించొద్దన్నారాయన. శుభ్రమైన తడిగుడ్డ వేలికి చుట్టి చిగుళ్ళమీద మెల్లగా రుద్దితే హాయిగా ఉంటుంది. మొదటి పన్ను కనిపించిన రోజునించే దాన్ని రోజూ తుడవాలట. మనం పాలపళ్ళే కదా, ఊడిపోయేవే కదా అని అశ్రద్ధ చేస్తాం.

ఇంతకీ మా అక్క నూనె మానేసిందా అంటే, లేదు. ఆదివారం కంచుగిన్నెలో నువ్వులనూనె పోసి, కొడుకుని కుర్చీలో కూర్చోబెట్టి, వెనకనించి పాపని ఎత్తి నీడ చూపించింది. పక్కింటి పిన్నిగారు దగ్గరుండి జరిపించారు. నేనూ వెళ్ళాను. ఒకప్పుడైతే ఆ తంతు దండగ అని వాదించేదాన్నే. ఈసారి నోరు మూసుకున్నాను. ఒక్కటి మాత్రం ముందే అడిగి మాట తీసుకున్నాను. గిన్నె తీసేసిన మరుక్షణం పాపని వాడి ఒళ్ళో కూర్చోబెట్టాలి, "గండం పిల్ల" అన్న మాట ఆ ఇంట్లో ఇంక వినపడకూడదు, రేపు వాడికి జలుబు చేసినా సరే. పిన్నిగారు కాస్త మూతి ముడుచుకున్నారుగానీ అక్క ఒప్పుకుంది.

పాపని ఒళ్ళో వేసేసరికి మేనమామ కట్టు చూసి ఏమనుకుందో ఏమో, దానిమీద రెండు చేతులూ వేసి దబదబా బాదింది. వాడు "అమ్మో, నిజంగానే గండమేనే" అని అరిచి, అందరికన్నా ముందు తనే నవ్వాడు. మా అక్క నవ్వలేదు. వాడి నోటిమీద ఒకటి వేసి, గిన్నెలో నూనె వృథా పోకుండా సీసాలో ఒంపుకుని లోపలికెళ్ళింది.

నిన్న ఫోనులో చెప్పింది, కిందవి కూడా రెండు మొలిచాయిట. మెత్తటి రాగిజావ చక్కగా తాగుతోందిట. నలుగురు చెల్లెళ్ళు ఉత్తరాలు రాసి అడిగారు కాబట్టి, మొలకెత్తిన రాగులతో పిండి కొట్టుకుని చంటిపిల్లలకి జావ కాచే పద్ధతి వచ్చేవారం వివరంగా రాస్తాను. రాగులు మాత్రం శనివారం రాత్రే నానబోసి ఉంచుకోండి.